సీసీ రోడ్డు పడకముందే: కొత్త లేఅవుట్‌కి ఫైబర్ ప్లాన్, ఖర్చు లెక్క

కొత్త విల్లాల లేఅవుట్‌కి ఇంటర్నెట్ గురించి ఎవరు ఫోన్ చేసినా నేను మొదట అడిగేది ఒక్కటే: సీసీ రోడ్డు ఎప్పుడు పోస్తున్నారు? "వచ్చే నెల" అంటే ఇంకా టైముంది. "పోయిన వారమే అయిపోయింది" అంటే లెక్క మొత్తం మారిపోతుంది. ఫైబర్ పనిలో డబ్బు పోయేది కేబుల్‌కి కాదు, మట్టికి. గాజు పోగు (ఫైబర్ అంటే అదే) చౌక, గుంత ఖరీదు. ఈ సంగతి బుర్రలో ఉంటే కింద చెప్పే నిర్ణయాల్లో సగం మీకే తడతాయి.

లెక్క చూపించడానికి ఒక లేఅవుట్ అనుకుందాం. హైదరాబాద్ శివారులో 12 ఎకరాలు. నాలుగు వీధులు, వీధికి 21 చొప్పున 84 విల్లాలు. లోపలి రోడ్ల పొడవు 1,400 మీటర్లు. గేటు దగ్గర క్లబ్‌హౌస్. మీది అపార్ట్‌మెంట్ అయినా, అమరావతి పక్కన ఓపెన్ ప్లాట్లయినా అంకెలు మారతాయి గానీ వరస మారదు.

మొదటి పని: కంపెనీలను ముందే పిలవండి

ఇళ్లు నిండాక కంపెనీ వాళ్లే పరిగెత్తుకొస్తారని చాలామంది అనుకుంటారు. వస్తారు, కానీ స్తంభాల మీద కేబుల్ వేలాడదీసుకుంటూ వస్తారు. లేఅవుట్ డ్రాయింగ్ చేతికి రాగానే కనీసం ముగ్గురిని పిలిచి మాట్లాడండి: ఒక పెద్ద ప్రైవేటు కంపెనీ, బీఎస్ఎన్ఎల్ తరఫున ఆ ప్రాంతంలో కనెక్షన్లు ఇచ్చే వాళ్లు, ఊళ్లో పేరున్న లోకల్ ఆపరేటర్. ఆంధ్రాలో అయితే ఏపీ ఫైబర్‌నెట్‌ని కూడా కలపండి. వాళ్ల కేబుల్ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగా వస్తుంది కాబట్టి గేటు దగ్గర కిందికి దించి డక్ట్‌లోకి, అంటే కేబుల్ కోసం భూమిలో వేసే పైపులోకి, ఎలా మళ్లిస్తారో అడిగి తెలుసుకోండి.

అందరినీ అడగాల్సినవి ఇవి: మీ దగ్గరి పాయింట్ నుంచి మా గేటుకి కేబుల్ దారి ఎన్ని కిలోమీటర్లు? భూమిలోనా, పైనా? గేటు దాకా తెచ్చే ఖర్చు ఎవరిది? బయటి రోడ్డు తవ్వడానికి అనుమతి ఎవరు తెస్తారు? ఈ చివరి ప్రశ్న ముఖ్యం. టెలికాం రైట్ ఆఫ్ వే (కేబుల్ వేసుకునే దారి హక్కు) కొత్త నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. పంచాయతీ రోడ్డయినా హైవే అయినా ఆ అనుమతి తెచ్చుకోవాల్సింది టెలికాం సంస్థ. బిల్డర్ తన మనుషులతో రాత్రిపూట రోడ్డు కోయించి "తర్వాత చూసుకుందాం" అనడం మంచిది కాదు.

జవాబులు ఫోన్‌లో కాకుండా కాగితం మీద తీసుకోండి. ఇద్దరు కంపెనీల వాళ్లు రెండు వేర్వేరు వైపుల నుంచి వచ్చేలా ఉంటే మీ అదృష్టం. ఒకే కల్వర్టు మీదుగా ఇద్దరూ వస్తే, ఒక్క జేసీబీ దెబ్బకి ఇద్దరూ పోతారు.

రెండో పని: ఎవరి నెట్‌వర్క్ అన్నది తేల్చుకోండి

ఇక్కడ మీకు ఒక తీపి కబురు వినిపిస్తారు. "సార్, మీరు రూపాయి పెట్టక్కర్లేదు. డక్ట్, కేబుల్, బాక్సులు అన్నీ మేమే వేస్తాం. ఇంకో కంపెనీని మాత్రం లోపలికి రానివ్వకండి." నా మాట వింటే దీనికి ఒప్పుకోకండి. పది లక్షలో పన్నెండు లక్షలో మిగిలాయని బిల్డర్ సంతోషిస్తాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి 84 కుటుంబాలు ఒకే కంపెనీ చెప్పిన రేటు కట్టాలి, వాళ్ల టెక్నీషియన్ వచ్చినప్పుడే రిపేరు చేయించుకోవాలి. తిట్లు మాత్రం బిల్డర్‌కే.

రెండో దారి, ఖాళీ డక్టులు మీరు వేసి కేబుల్ వాళ్లను వేసుకోమనడం. పర్వాలేదు. ఇళ్లు పదేళ్లపాటు ఒక్కొక్కటిగా లేచే ఓపెన్ ప్లాట్లకి ఇదే సరైనది, కేబుల్ ముందే వేసి పెడితే ఎలుకల పాలవుతుంది. ఇలాంటి లేఅవుట్ వాళ్లు మూడో పని చదివి డక్టుల దగ్గర ఆగిపోవచ్చు.

విల్లాలన్నీ ఒకేసారి కడుతున్నప్పుడు నేను చెప్పేది మూడో దారి. డక్టులు, గాజు, బాక్సులు మీరు వేయించండి. రేపు అవి అసోసియేషన్ ఆస్తి అవుతాయి. మెషీన్లు, ఇంటర్నెట్ సర్వీసు కంపెనీలవి. అన్నీ మనమే వేశాం కదా, ఇంటర్నెట్ కూడా మనమే అమ్ముదాం అని మాత్రం అనుకోకండి. దానికి టెలికాం శాఖ లైసెన్స్ కావాలి.

అమ్మకాల వాళ్లకి పనికొచ్చే మాట ఒకటుంది. భవనాలకు డిజిటల్ కనెక్టివిటీ స్టార్ రేటింగ్ ఇచ్చే నిబంధనలను టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 అక్టోబరులో తెచ్చింది. తప్పనిసరి కాదు. కానీ డక్టులు, ఫైబర్ ముందే ఉన్న లేఅవుట్‌కి అక్కడ మార్కులు ఎలాగూ పడతాయి.

మూడో పని: డక్టులు

40 మి.మీ. హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) డక్ట్ రెండు వరసలు వేయండి. ఒకటి వాడకానికి, ఒకటి ఖాళీగా. రెండో వరస ఎందుకు దండగ అని క్వాంటిటీ సర్వేయర్ కొట్టేస్తాడు. కొట్టేయనివ్వకండి. గుంత ఎలాగూ తవ్వారు, రెండో పైపుకి అయ్యేది పైపు ధర ఒక్కటే.

బయటి మెయిన్ రూట్లలో టెలికాం వాళ్లు 1.65 మీటర్ల లోతు తవ్విస్తారు. మీ కాంపౌండ్ లోపల ఫుట్‌పాత్ కింద ముప్పావు మీటరు నుంచి మీటరు లోతు చాలు. డ్రైనేజీ, నీటి పైపులు అయ్యాక, కెర్బ్ రాళ్లకి (రోడ్డు అంచు రాళ్లకి) ముందు వేయించండి. కరెంటు కేబుల్‌కి కనీసం అడుగు దూరంలో ఉండాలి. గాజుకి కరెంటుతో ఇబ్బంది లేదు. రేపు మన కేబుల్ కోసం తవ్వే మనిషి గడ్డపార కరెంటు తీగకి తగలకూడదు, అంతే. డక్ట్ మీద అడుగు మట్టి పోశాక హెచ్చరిక టేపు పరిపించండి.

రోడ్డు దాటే ప్రతిచోటా 110 మి.మీ. పీవీసీ పైపులు రెండు అడ్డంగా వేసి పెట్టండి. ఇప్పుడు అవసరం ఉన్నా లేకపోయినా. నేను పని చేసిన ఒక లేఅవుట్‌లో మూడో వీధికి క్రాసింగ్ పైపు మర్చిపోయారు. ఎనిమిది నెలలకి కటింగ్ మెషీన్ తెచ్చి రోడ్డు కోశాం. అతుకు వేసిన కాంక్రీటు రంగు ఇప్పటికీ కలవలేదు. కారు ఆ గీత మీదుగా వెళ్తుంటే టక్ టక్ మంటుంది. ఆరు మీటర్ల పైపు ఖరీదు ఎంతో, ఆ కోతకి ఎంతయిందో పక్కపక్కన రాయించి ఆ ప్రాజెక్టు మేనేజర్‌కి చూపించాను. మాట్లాడలేదు.

ప్రతి డక్ట్‌లో నైలాన్ తాడు వదలండి, రెండు కొసలకీ మూత బిగించండి. ఈ మూత విషయంలో నేను కాస్త చాదస్తంగానే ఉంటాను. మూత లేని డక్ట్‌లోకి ఒక్క వానకే బురద చేరి గట్టిపడుతుంది, లేదంటే ఎలుకలు కాపురం పెడతాయి. పూడ్చిన వెంటనే తాడుకి చెక్క ముక్క కట్టి ఈ కొస నుంచి ఆ కొసకి లాగి చూడండి. ఎక్కడైనా పైపు నలిగితే అప్పుడే తెలుస్తుంది, మట్టి ఇంకా మెత్తగా ఉంటుంది కాబట్టి తీయడం తేలిక.

చాంబర్లు, అంటే కేబుల్ అందుకోడానికి మూతతో కట్టే చిన్న గుంతలు, మలుపుల దగ్గర, క్రాసింగుల దగ్గర, ఇళ్లకు చీలే చోట పెట్టాలి. మన లేఅవుట్‌కి 24 చాలు. మూత మీద ట్రాక్టర్ ఎక్కినా తట్టుకోవాలి, ఎందుకంటే ఎక్కుతుంది.

నాలుగో పని: గాజు, స్ప్లిటర్లు

ఇళ్లకు వచ్చే ఫైబర్ చాలావరకు జీపాన్ పద్ధతిలో నడుస్తుంది. కంపెనీ మెషీన్‌లోని ఒక పోర్టు నుంచి బయల్దేరిన ఒక్క పోగుని స్ప్లిటర్ అనే చిన్న గాజు పరికరం 32 పోగులుగా చీలుస్తుంది. డౌన్‌లోడ్‌కి సుమారు 2.5 గిగాబిట్లు, అప్‌లోడ్‌కి 1.25 గిగాబిట్లు, ఆ 32 ఇళ్లూ పంచుకుంటాయి.

స్ప్లిటర్‌ని వీధి బాక్సులో పెట్టొచ్చు, గేటు దగ్గర టెలికాం గదిలోనూ పెట్టొచ్చు. వీధిలో పెడితే కేబుల్ సన్నది సరిపోతుంది, కొంత డబ్బు మిగులుతుంది. అయితే ఆ స్ప్లిటర్ ఒక కంపెనీకి కట్టుబడి ఉంటుంది, ఇల్లు కంపెనీ మారాలంటే వీధిలో బాక్సు విప్పి గెలకాలి. గాజు చౌక అన్నాం కదా, ప్రతి ఇంటి నుంచి రెండు పోగులు నేరుగా టెలికాం గదికి తెచ్చేయండి. వీధికి 21 ఇళ్లు, ఇంటికి రెండు, మొత్తం 42. వీధికో 48 పోగుల కేబుల్ వేస్తే ఆరు మిగులుతాయి. క్లబ్‌హౌస్, సీసీ కెమెరాలు, పంప్‌హౌస్ వాటితో నడుస్తాయి. గదిలో ఒక్కో కంపెనీకి 1:32 స్ప్లిటర్లు మూడు పెట్టి ఒక్కోదానికి 28 ఇళ్లు కలపండి. ఒక ఇంటాయన కంపెనీ మారాలంటే గదిలో ప్యాచ్ కార్డ్ (రెండు కొసలా కనెక్టర్లున్న చిన్న ఫైబర్ ముక్క) తీసి పక్క కంపెనీ స్ప్లిటర్‌లో గుచ్చితే చాలు. కావాలంటే రెండు పోగుల మీద ఇద్దరినీ పెట్టుకోవచ్చు, వర్క్ ఫ్రమ్ హోమ్ వాళ్లకి అది ప్రాణం.

మెయిన్ కేబుల్ జీ.652డీ రకం, ఇంట్లోకి వెళ్లే సన్న కేబుల్ జీ.657ఏ రకం అడగండి. రెండోది వంపులను బాగా తట్టుకుంటుంది. రేపు కంపెనీ పది గిగాబిట్ల ఎక్స్‌జీఎస్-పాన్‌కి మారినా ఈ గాజే సరిపోతుంది. కాంతి రంగులు వేరు కాబట్టి రెండూ ఒకే పోగులో కలిసి నడుస్తాయి.

ఇప్పుడు కాంతి లెక్క. దీన్ని కాంట్రాక్టర్‌కి వదిలేయకండి, కూడికలే కదా. కాంతి ఎంత తగ్గుతుందో డెసిబెల్స్‌లో, పొట్టిగా డీబీల్లో, రాస్తారు. కంపెనీ పాయింట్ 5 కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి.

1:32 స్ప్లిటర్ దగ్గర 17 డీబీ.
కేబుల్, కిలోమీటరుకి 0.35 చొప్పున 1.75.
కనెక్టర్లు ఆరు, ఒక్కోటి 0.3 చొప్పున 1.8.
జాయింట్లు పది, ఒక్కోటి 0.1 చొప్పున 1.
మొత్తం 21.55 డీబీ.

మామూలుగా వాడే బీ ప్లస్ రకం మెషీన్ 28 డీబీ దాకా ఓర్చుకుంటుంది. అందులో 3 డీబీ రేపటి రిపేర్లకి పక్కన పెట్టినా 25 ఉంది, మనం సుఖంగా ఉన్నాం. మెషీన్ నుంచి ప్లస్ 3 డీబీఎంతో (డీబీఎం అంటే కాంతి బలం కొలత) కాంతి బయల్దేరితే ఇంటి దగ్గర మీటరు మైనస్ 18.5 దగ్గర చూపించాలి. మైనస్ 27 కన్నా కిందికి పోయిందంటే ఇంట్లో పెట్టే ఫైబర్ మోడెమ్ పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతుంది.

కనెక్టర్ల గురించి ఒక్క ముక్క. ఆకుపచ్చవి, నీలం రంగువి అని రెండు రకాలు ఉంటాయి. ఆకుపచ్చ దాని కొన కొంచెం ఏటవాలుగా కోసి ఉంటుంది, నీలం దానికి అలా ఉండదు. రెండూ ఒకదానిలో ఒకటి దూరతాయి, నెట్ కూడా వస్తుంది, కానీ కాంతి బాగా పోతుంది. "నెట్ వస్తోంది గానీ సాయంత్రం తెగిపోతోంది" అన్న ఫిర్యాదు మీద వెళ్లి, పచ్చదాంట్లో నీలం గుచ్చి ఉండటం నేను చాలాసార్లు చూశాను. మొత్తం ఆకుపచ్చవే వాడమని ఆర్డర్‌లోనే రాయండి.

ఐదో పని: ఇంటి లోపల

గేటు దగ్గరి చాంబర్ నుంచి హాలు దాకా 25 మి.మీ. పైపు ఒకటి, మలుపులు గుండ్రంగా. గోడలు లేచేటప్పుడే మేస్త్రీకి, ఎలక్ట్రీషియన్‌కి ఇద్దరికీ చెప్పాలి. ఒకరికే చెబితే రెండోవాడు మూసేస్తాడు. పెట్టె ఇంటి మధ్యలో ఉండాలి, చెప్పుల స్టాండ్ వెనకో కరెంటు స్విచ్చుల ఇనుప బాక్సులోనో కాదు. ఇనుప బాక్సులో పెడితే వైఫై అందులోనే ఉండిపోతుంది. అక్కడి నుంచి పై అంతస్తు గదులకు క్యాట్6 (నెట్‌వర్క్) వైరు లాగండి. కాంక్రీటు స్లాబు దాటాక వైఫై నీరసించిపోతుంది. పెట్టె ప్లగ్ పాయింట్‌ని ఇన్వర్టర్ లైనులో కలపడం మర్చిపోకండి. కరెంటు పోయినప్పుడు టెలికాం గదికి యూపీఎస్ ఉండీ ఇంట్లో పెట్టె ఆరిపోతే ఏం లాభం?

ఆరో పని: డబ్బు లెక్క

కింది రేట్లు లెక్క ఎలా కట్టాలో చూపడానికి నేను పెట్టుకున్నవి. మీ ఊళ్లో మూడు కొటేషన్లు తీసుకుని వాటి చోట మీ అంకెలు రాసుకోండి.

ట్రెంచ్ తవ్వి పూడ్చడం: 1,400 మీటర్లు, మీటరు రూ.160 చొప్పున 2,24,000.
డక్ట్ రెండు వరసలు: 2,800 మీటర్లు, రూ.55 చొప్పున 1,54,000.
ఇళ్లకు చిన్న పైపులు తవ్వకంతో సహా: ఇంటికి 12 మీటర్లు, 1,008 మీటర్లు, రూ.60 చొప్పున 60,480.
చాంబర్లు 24: రూ.7,000 చొప్పున 1,68,000.
48 పోగుల కేబుల్, చుట్టలతో కలిపి: 1,800 మీటర్లు, రూ.60 చొప్పున 1,08,000.
ఇళ్లకు రెండు పోగుల కేబుల్: ఇంటికి 35 మీటర్లు, 2,940 మీటర్లు, రూ.10 చొప్పున 29,400.
వీధి బాక్సులు 12, ఒక్కోటి ఏడు ఇళ్లకి: రూ.2,500 చొప్పున 30,000.
గదిలో ర్యాక్, ప్యానెళ్లు, స్ప్లిటర్లు: 90,000.
స్ప్లైసింగ్ (పోగులు అతకడం): ఇంటికి ఆరు జాయింట్లు, 504, రూ.100 చొప్పున 50,400.
గదికి యూపీఎస్, ఎర్తింగ్, చల్లదనం: 1,20,000.
టెస్టింగ్, డ్రాయింగులు: 35,000.

మొత్తం రూ.10,69,280. అనుకోని ఖర్చులకి పది శాతం కలిపితే 11,76,208. జీఎస్టీ 18 శాతం కలిపితే 13,87,925. ఇంటికి రూ.16,500 పైచిలుకు. విల్లా ధర పక్కన పెట్టి చూస్తే మాడ్యులర్ కిచెన్‌లో రెండు సొరుగుల ఖర్చు కాదు.

మొదటి నాలుగు వరసలు కలపండి: రూ.6,06,480. అంటే పన్నులకు ముందు ఖర్చులో సగానికి పైగా మట్టి, పైపు, సిమెంటే. రెండు రకాల గాజూ కలిపితే 1,37,400, ఎనిమిదో వంతు మాత్రమే. కాబట్టి బేరం ఆడేటప్పుడు కేబుల్ కంపెనీతో మీటరుకి రెండు రూపాయల కోసం గంటలు కూర్చోకండి, ఆ టైము తవ్వకం కాంట్రాక్టర్‌కి ఇవ్వండి. నీటి పైపుల ట్రెంచ్ పక్కనే మెట్టులా కొంచెం వెడల్పు తవ్వించి మన డక్ట్ అందులోనే వేయగలిగితే ఆ 2,24,000 బాగా తగ్గుతుంది.

పెరిగే దారి కూడా ఉంది: బండ. హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ ఎక్కడ తగులుతుందో పైనుంచి చూస్తే తెలియదు. 1,400 మీటర్లలో 400 మీటర్లు బండ వచ్చి, బ్రేకర్ పెట్టి మీటరుకి రూ.600 పడిందనుకోండి. అదనంగా 1,76,000. మనం పక్కన పెట్టిన పది శాతం మొత్తం తుడిచిపెట్టుకుపోయి ఇంకా చాలదు. అందుకే కొటేషన్ అడిగే ముందే వీధికి రెండు చోట్ల మీటరు లోతు గుంతలు తీసి చూడండి. జేసీబీకి ఒక పూట పని. కాంట్రాక్టర్ చేత మట్టికో రేటు, మోరానికో రేటు, బండకో రేటు విడిగా రాయించండి. ఒకే రేటు రాస్తే, బండ తగిలిన చోట లోతు తగ్గించి చల్లగా మట్టి కప్పేస్తాడు. రెండేళ్లకి మొక్కలు నాటే మనిషి పార తగిలినప్పుడు అది బయటపడుతుంది. నల్లరేగడి నేలలో ఇంకో బాధ: వానాకాలం ఉబ్బి, ఎండాకాలం బీటలు వారుతుంది. అక్కడ డక్ట్ కింద, పైన ఇసుక పోయించాలి, ఆ ఖర్చు కలుపుకోండి.

డబ్బు ఒకేసారి లేకపోతే ఇళ్ల కేబుల్, దాని స్ప్లైసింగ్ తర్వాతకి వాయిదా వేయండి, ఇల్లు నిండినప్పుడు చేసుకోవచ్చు. డక్టులు, చాంబర్లు మాత్రం వాయిదా వేయకండి.

ఏడో పని: పరీక్షించి తీసుకోండి

కాంట్రాక్టర్ చివరి బిల్లు ఆపి ఉంచండి. ప్రతి పోగుని ఓటీడీఆర్‌తో (పోగులోకి కాంతి పంపి లోపం ఎంత దూరంలో ఉందో చెప్పే మెషీన్) 1310, 1550 నానోమీటర్ల కాంతులు రెండింటి మీదా కొలిపించండి. ఎక్కడైనా కేబుల్ నలిగి వంగితే 1550 మీద బాగా కనబడుతుంది. ప్రతి ఇంటి దగ్గర మీటరు రీడింగ్ రాసి, ఇంటి నంబరుతో స్టిక్కర్ అంటించమనండి. పోగుల రంగులు ఏ ఇంటికి ఏవో పట్టిక కావాలి: నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తెలుపు, అలా పన్నెండు రంగుల వరస.

అన్నిటికన్నా విలువైన కాగితం, వేసింది వేసినట్టు గీసిన డ్రాయింగ్. కెర్బ్ నుంచి డక్ట్ ఎంత దూరం, ఎంత లోతు, ఏ చాంబర్‌లో ఎన్ని మీటర్ల కేబుల్ చుట్ట పెట్టారు. చుట్ట సంగతి ఎందుకంటున్నానంటే, ఒకసారి కేబుల్ తెగి ఓటీడీఆర్ మెషీన్ 312 మీటర్ల దగ్గర అని చూపించింది. టేపు పట్టి 312 కొలిచి ఇద్దరు కూలీలతో తవ్వించాం. కేబుల్ నిక్షేపంలా ఉంది. ఇంకో గుంత తీశాం, అక్కడా బాగానే ఉంది. అప్పుడు ఒక చాంబర్ మూత లేపి చూస్తే లోపల పది మీటర్ల చుట్ట. దారిలో అలాంటివి మూడున్నాయి. మెషీన్ కొలిచేది గాజు పొడవు, నేల మీద దూరం కాదు. ముప్పై మీటర్లు వెనక్కి వచ్చి చూస్తే, అప్పుడే నాటిన వేప మొక్క మొదట్లో తెగి ఉంది.

ఆ డ్రాయింగ్ మూడు కాపీలు తీయించండి. ఒకటి అసోసియేషన్ బీరువాలో, ఒకటి టెలికాం గది తలుపు వెనక లామినేట్ చేసి, ఇంకొకటి తోటమాలి చేతికి.